గ్రాఫిక్స్ కార్డుకు పవర్ సరిగా అందకపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

గేమ్ మొదలుపెట్టిన పది నిమిషాలకు సిస్టమ్ ఆఫ్ అయిపోయినా, మధ్యలో స్క్రీన్ నల్లబడిపోయినా, కొత్త కార్డు పెట్టాక డిస్‌ప్లే రాకపోయినా చాలామంది నోట వచ్చే మొదటి మాట "కార్డు పోయింది". హనుమకొండలో తెలిసినవాళ్ల సిస్టమ్‌లు చాలా ఏళ్లుగా చూస్తున్నాను. పోయిందని నా దగ్గరికి తెచ్చిన కార్డుల్లో చాలావరకు బాగానే ఉండేవి, వాటికి కరెంటు వచ్చే దారిలోనే ఎక్కడో తేడా ఉండేది. ఆ దారి గోడకున్న ప్లగ్ పాయింట్ దగ్గర మొదలై స్పైక్ బస్టర్, పవర్ కేబుల్, ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును సిస్టమ్‌కు కావాల్సిన వోల్టేజ్‌లుగా మార్చే డబ్బా), దాని వైర్ల మీదుగా కార్డు పైనున్న కనెక్టర్ దాకా వెళ్తుంది. కొత్త కార్డుకు ముప్పై నలభై వేలు తీసే ముందు ఈ దారంతా ఒకసారి చూడండి.

తప్పు కార్డుదా, ఎస్ఎంపీఎస్‌దా? ఎలా తెలుస్తుంది?

ముందు ఎలా ఆగిపోతోందో గమనించండి, సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. కరెంటు పోయినట్టు ఒక్కసారిగా మొత్తం ఆగిపోయి, ఫ్యాన్లు కూడా నిలిచిపోతే అనుమానం ఎస్ఎంపీఎస్ మీద, లేదా ఇంటి కరెంటు మీద. స్క్రీన్ మాత్రం నల్లబడి, కార్డు ఫ్యాన్లు ఒక్కసారిగా గట్టిగా తిరుగుతూ, వెనక గేమ్ సౌండ్ ఇంకా వినిపిస్తూ ఉంటే అనుమానం కార్డు మీదకు, దానికి వెళ్లే పవర్ కేబుల్ మీదకు మళ్లుతుంది. గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ కనిపిస్తే మాత్రం ముందు డ్రైవర్, ర్యామ్, మీరు పెట్టిన ఓవర్‌క్లాక్ (వేగం పెంచే సెట్టింగ్) చూడండి, పవర్ సంగతి తర్వాత.

ఇవి గుర్తులు మాత్రమే, తీర్పులు కావు. సీపీయూ బాగా వేడెక్కినా సిస్టమ్ ఇలాగే ఒక్కసారిగా ఆగిపోతుంది కాబట్టి టెంపరేచర్ కూడా చూసుకోండి.

విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్-పవర్ 41" అని ఎర్రగా కనిపిస్తోంది. అంటే ఎస్ఎంపీఎస్ పోయినట్టేనా?

కాదు. సిస్టమ్ పద్ధతిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని విండోస్ తర్వాత ఆన్ అయినప్పుడు రాసుకునే మాట అది, అంతే. మీరు పవర్ బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుని ఆపినా, ఇంట్లో కరెంటు పోయినా అదే 41 పడుతుంది. పేరులో పవర్ అని ఉంది కదా అని చాలామంది వెంటనే ఎస్ఎంపీఎస్ మార్చేస్తారు. దాని వివరాల్లోకి వెళ్లి బగ్‌చెక్ కోడ్ సున్నా ఉందో వేరే అంకె ఉందో చూడండి. సున్నా కాకుండా వేరే ఉంటే సాధారణంగా బ్లూ స్క్రీన్ వచ్చినట్టు, అప్పుడు వెతకాల్సిన చోటు వేరు. సున్నా ఉంటే విండోస్‌కు ఏమీ రాసుకునే సమయమే దొరకలేదని అర్థం, అది పవర్ అనుమానానికి కొంత బలం ఇస్తుంది.

ఆఫ్ అయ్యాక బటన్ నొక్కినా ఆన్ కావట్లేదు. వెనక స్విచ్ ఆపి, కాసేపాగి వేస్తేనే వస్తోంది. ఎందుకలా?

ఎస్ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోంది. లోడ్ హద్దు దాటినా, ఎక్కడైనా షార్ట్ అయినా మంచి ఎస్ఎంపీఎస్ అవుట్‌పుట్ ఆపేసి తాళం వేసుకుంటుంది. మెయిన్ స్విచ్ ఆపి, లోపలి చార్జ్ దిగే దాకా ఆగితే గానీ చాలా మోడళ్లలో ఆ తాళం తెరుచుకోదు. మీకు ఇలా జరుగుతుంటే మళ్లీ మళ్లీ ఆన్ చేసి గేమ్ పెట్టి చూడకండి. కార్డు తీసేసి, సీపీయూలో డిస్‌ప్లే ఉంటే దానితో ఒకటి రెండు రోజులు నడపండి. అప్పుడు ఆగకపోతే వెతకాల్సిన చోటు కార్డు, దాని కేబుల్, ఎస్ఎంపీఎస్ ఈ మూడింటికి కుదించుకుపోతుంది.

కార్డుకు అసలు ఎంత పవర్ కావాలి? ఎక్కడి నుంచి వస్తుంది?

మదర్‌బోర్డు స్లాట్ నుంచి గరిష్ఠంగా 75 వాట్లు. సిక్స్ పిన్ కనెక్టర్ నుంచి ఇంకో 75, ఎయిట్ పిన్ నుంచి 150, ఇప్పుడొస్తున్న 16 పిన్ నుంచి 600 వరకు. జీటీఎక్స్ 1050 టీఐ లాంటి కార్డుల్లో చాలా మోడళ్లకు విడిగా కేబుల్ అక్కర్లేకపోవడానికి కారణం అవి స్లాట్ ఇచ్చే 75 లోపలే సర్దుకోవడం. ఆర్‌టీఎక్స్ 4060 వాడేది 115 వాట్లు, 3060 అయితే 170, 4070 అయితే 200. అక్కడి నుంచి 4090కి వెళ్తే 450, 5090కి 575. కార్డు కంపెనీ "550 వాట్ల ఎస్ఎంపీఎస్ వాడండి" అని రాసిందంటే ఆ అంకె మొత్తం సిస్టమ్‌కు కలిపి చెప్పినది, కార్డు ఒక్కదానికి కాదు. ఈ తేడా తెలియక 4060కి 550 వాట్లు కావాలని కంగారుపడేవాళ్లను చూశాను.

అయితే ఈ అంకెలన్నీ సగటు లెక్కలు. కార్డు ఒక క్షణంలో, అంటే సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సమయంలో, తన సగటు కంటే చాలా ఎక్కువ లాగి మళ్లీ కిందికి వస్తుంది. పవర్ రీడింగులు చూపించే సాఫ్ట్‌వేర్‌లో అది కనిపించదు, ఎందుకంటే అది సెకనుకు ఒకటి రెండు సార్లే చదువుతుంది. ఎస్ఎంపీఎస్ ప్రొటెక్షన్‌కు మాత్రం తెలుస్తుంది. 2020లో ఆర్‌టీఎక్స్ 3080, 3090 వచ్చినప్పుడు లెక్క ప్రకారం సరిపోవాల్సిన ఎస్ఎంపీఎస్‌లు కూడా గేమ్ మధ్యలో ఆగిపోయాయంటే కారణం ఇదే. ఆ తర్వాత 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే ఎస్ఎంపీఎస్ ప్రమాణపు నియమాల్లో, 100 మైక్రోసెకన్ల పాటు రేటింగ్‌కు రెట్టింపు లోడ్ వచ్చినా తట్టుకోవాలని చేర్చారు. అందుకే పెద్ద కార్డుకు కొత్త ఎస్ఎంపీఎస్ కొంటుంటే పెట్టె మీద ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ ఉందో లేదో చూడమంటాను.

నా ఎస్ఎంపీఎస్ మీద 450 వాట్లు అని పెద్దగా రాసి ఉంది. సరిపోదా?

పెద్ద అక్షరాలు వదిలేయండి. పక్క ప్యానెల్ తీసి, టార్చ్ వేసి, లేబుల్ మీదున్న చిన్న పట్టిక చూడండి. +3.3, +5, +12 అని గడులు ఉంటాయి, వాటి కింద ఆంప్స్. గ్రాఫిక్స్ కార్డూ, ప్రాసెసరూ బతికేది 12 వోల్టుల మీద. ఆ గడిలో ఉన్న ఆంప్స్‌ను 12తో గుణించండి. 45 ఆంప్స్ ఉంటే 540 వాట్లు, అది నిజమైన 550 వాట్ల ఎస్ఎంపీఎస్. అదే 18 ఆంప్స్ మాత్రమే ఉంటే 216 వాట్లు. పైన 450 అని ఎంత పెద్దగా రాసినా మీ కార్డుకు, ప్రాసెసర్‌కు కలిపి దొరికేది ఆ 216 మాత్రమే. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్‌లలో ఇలాంటివే ఎక్కువ చూశాను. చేత్తో ఎత్తితే ఖాళీ డబ్బాలా తేలిగ్గా ఉంటాయి, వైర్లు సన్నగా ఉంటాయి, కార్డు కోసం ఎయిట్ పిన్ కేబులే ఉండదు. ఆఫీసు పని చేసుకునే సిస్టమ్‌కు అవి నడుస్తాయేమో గానీ గ్రాఫిక్స్ కార్డుకు పెట్టొద్దు.

80 ప్లస్ గోల్డ్ అని ఉంటే మంచిదే కదా?

అది గోడ నుంచి లాగిన కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి చేరుతుందో చెప్పే గుర్తు. ఎంత లోడ్ మోస్తుందో, ప్రొటెక్షన్లు ఎంత బాగా పనిచేస్తాయో అది చెప్పదు. మంచి బ్రాంజ్ ఒకటి నాసిరకం గోల్డ్ కంటే నయం.

కార్డు మీద రెండు ఎయిట్ పిన్ సాకెట్లు ఉన్నాయి. ఒకే కేబుల్‌కు రెండు తలలు ఉన్నాయి కదా, అదొక్కటి పెడితే సరిపోదా?

200 వాట్ల చుట్టుపక్కల కార్డుకు, మంచి ఎస్ఎంపీఎస్ అయితే మామూలుగా ఇబ్బంది రాదు. 300 వాట్లు దాటే కార్డుకు మాత్రం ఎస్ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు వేయండి. మొత్తం కరెంటు ఒకే కేబుల్ మీద పడితే ఎస్ఎంపీఎస్ వైపు ఉన్న కనెక్టర్ వేడెక్కుతుంది, కార్డు దగ్గరికి వచ్చేసరికి వోల్టేజ్ కొంత పడిపోతుంది. రెండో కేబుల్ పెట్టెలోనే పడి ఉంటుంది, పైసా ఖర్చు లేని పని, అయినా బద్ధకించి వదిలేస్తారు. స్క్రీన్ నల్లబడే సమస్య ఈ ఒక్క మార్పుతో పోయిన సిస్టమ్‌లు నేను కొన్ని చూశాను.

ఇంకో ప్రమాదం ఉంది. ప్రాసెసర్‌కు వెళ్లే ఎయిట్ పిన్, కార్డుకు వెళ్లే ఎయిట్ పిన్ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. కానీ లోపల ప్లస్, గ్రౌండ్ వైర్లు తారుమారుగా ఉంటాయి. ప్రాసెసర్‌ది సాధారణంగా నాలుగు, నాలుగుగా విడిపోతుంది. కార్డుది ఆరు, రెండుగా విడిపోతుంది. పిన్నుల ఆకారం వేరు కాబట్టి మామూలుగా ఎక్కదు. ఎక్కట్లేదని బలంగా నొక్కితే మాత్రం షార్టే.

పాత ఎస్ఎంపీఎస్ కేబుళ్లు కొత్తదానికి పెట్టుకోవచ్చా? రెండూ మాడ్యులరే (కేబుళ్లు విడిగా ఊడి వచ్చే రకం), సరిగ్గా ఎక్కుతున్నాయి కూడా.

వద్దు. దయచేసి వద్దు. కార్డు వైపు కనెక్టర్‌కు ఒక ప్రమాణం ఉంది, ఎస్ఎంపీఎస్ వైపు ఏ ప్రమాణమూ లేదు. ఒక కంపెనీ 12 వోల్టులు పెట్టిన చోట ఇంకో కంపెనీ గ్రౌండ్ పెడుతుంది, ఒక్కోసారి అదే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా తేడా ఉంటుంది. నాకు తెలిసిన ఒక కుర్రాడు క్యాబినెట్‌లో వైర్లు నీటుగా సర్దినవి మళ్లీ విప్పడం ఎందుకని ఎస్ఎంపీఎస్ ఒక్కటే మార్చి పాత కేబుళ్లు అలాగే గుచ్చాడు. ఆన్ చేశాక రెండు హార్డ్ డిస్కులు, ఒక ఎస్ఎస్‌డీ ఒకేసారి పోయాయి. అందులో వాళ్ల అక్క పెళ్లి ఫోటోలున్నాయి. ఎస్ఎంపీఎస్ మారిస్తే దాని కేబుళ్లన్నీ మార్చాల్సిందే.

ఎయిట్ పిన్ లేదు. సాటా (హార్డ్ డిస్కులకు పవర్ ఇచ్చే కేబుల్) నుంచి మార్చే కన్వర్టర్ వంద రూపాయలకు దొరుకుతోంది, వాడొచ్చా?

సాటా పవర్ కనెక్టర్‌లో 12 వోల్టులకు మూడే మూడు చిన్న పిన్నులు, ఒక్కోటి 1.5 ఆంప్స్‌కు తయారైనది. మొత్తం కలిపి 54 వాట్లు. సిక్స్ పిన్ సాకెట్ 75 వాట్లు అడగొచ్చు, ఎయిట్ పిన్ 150 అడగొచ్చు. హద్దు దాటి కరెంటు లాగితే ఆ చిన్న పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. కార్డుకు సరిపడే కేబుల్ ఎస్ఎంపీఎస్‌లో లేదంటే ఆ కార్డు కోసం దాన్ని తయారు చేయలేదనే అర్థం.

16 పిన్ కనెక్టర్లు కాలిపోతున్నాయని విన్నాం. నిజమేనా, ఏం జాగ్రత్త తీసుకోవాలి?

నిజమే. 2022 చివర్లో ఆర్‌టీఎక్స్ 4090 వచ్చిన కొద్ది రోజులకే కరిగిపోయిన కనెక్టర్ల ఫోటోలు బయటికి వచ్చాయి. ఎందుకో ఒక చిన్న లెక్కతో అర్థమవుతుంది. పాత ఎయిట్ పిన్‌లో 150 వాట్లు మూడు పిన్నుల మీదుగా వెళ్తాయి, అంటే పిన్నుకు నాలుగు ఆంప్స్ చిల్లర. కొత్త దాంట్లో 600 వాట్లు ఆరు పిన్నుల మీదుగా వెళ్తాయి, పిన్నుకు ఎనిమిది ఆంప్స్ పైనే. పైగా పిన్నులు పాతవాటికంటే చిన్నవి. పాత కనెక్టర్ కాస్త లూజుగా ఉన్నా చెల్లిపోయేది, దీనికి చెల్లదు. ఒకటి రెండు పిన్నులు సరిగా తగలకపోతే వాటి వాటా మిగతా పిన్నుల మీద పడి అవి మండిపోతాయి.

2023లో దీన్ని సవరించి 12వీ-2×6 అని పేరు మార్చారు. అందులో సెన్స్ పిన్నులు (కార్డుకు సంకేతం పంపే చిన్న పిన్నులు) పొట్టివి చేశారు, కనెక్టర్ పూర్తిగా లోపలికి దిగకపోతే కార్డుకు ఆ సంకేతమే అందదు. కొంత మేలు జరిగింది గానీ భయం పూర్తిగా పోలేదు. కాబట్టి కనెక్టర్ గుచ్చేటప్పుడు క్యాబినెట్ పడుకోబెట్టి, కళ్ల ముందు వెలుతురు పెట్టుకుని గుచ్చండి. క్లిప్ పడిన చప్పుడు ఒక్కోసారి వినబడదు, అందుకే కనెక్టర్‌కూ సాకెట్‌కూ మధ్య సందు ఎక్కడైనా కనిపిస్తోందేమో చుట్టూ చూడండి, తర్వాత మెల్లగా వెనక్కి లాగి చూడండి. కనెక్టర్ నుంచి 35 మిల్లీమీటర్ల దాకా వైరు నేరుగా ఉండాలి, ఆ తర్వాతే వంచాలి. సైడ్ గ్లాస్ మూస్తే వైరు నొక్కుకుంటోందంటే మీ క్యాబినెట్ వెడల్పు ఆ కార్డుకు చాలదు. ఒకసారి పెట్టాక నెలనెలా అది విప్పి చూడాల్సిన పని లేదు, మాటిమాటికీ విప్పి గుచ్చినా పిన్నుల పట్టు తగ్గుతుంది.

అన్నా, పగలంతా బాగుంటుంది, సాయంత్రం పూటే ఆఫ్ అవుతోంది. ఏంటిది?

సరిగ్గా ఇదే సమస్య జనగామ దగ్గర మా బాబాయి వాళ్లింట్లో చూశాను. ఏప్రిల్ నెల, తమ్ముడు కొత్తగా కార్డు పెట్టుకున్నాడు. పొద్దున పూట గంటలు గంటలు ఆడినా ఏమీ లేదు, రాత్రి ఏడు దాటితే ఏదో ఒక క్షణంలో ఠపీమని ఆగిపోయేది. షాపులో రెండుసార్లు చూపించాడు, అక్కడ పగలు కాబట్టి బాగానే నడిచింది, కార్డు లోపమేనన్నారు. నేను వెళ్లి ప్లగ్ పాయింట్ దగ్గర మల్టీమీటర్ పెట్టుకుని కూర్చున్నాను. 230 ఉండాల్సింది 182 చూపిస్తోంది, ఊళ్లో కూలర్లు, ఏసీలు అన్నీ నడిచే సమయం. అరగంట చూశాక వంటగదిలో ఫ్రిజ్ కంప్రెసర్ స్టార్ట్ అయింది, ట్యూబ్‌లైట్ ఒక్కసారి మినుకుమంది, మీటర్ ఇంకా కిందికి జారింది, ఆ క్షణమే సిస్టమ్ ఆగిపోయింది.

ఆ ఎస్ఎంపీఎస్ పాతది, వెనక 115, 230 అని మార్చుకునే ఎర్ర స్విచ్ ఉన్న రకం. వోల్టేజ్ తగ్గిన కొద్దీ అదే పని కోసం ఎక్కువ కరెంటు లాగాలి. 500 వాట్లకు 230 దగ్గర రెండు ఆంప్స్ చిల్లర సరిపోతే, 170 దగ్గర దాదాపు మూడు కావాలి. లోపలి కెపాసిటర్‌లో నిల్వ కూడా తగ్గుతుంది కాబట్టి చిన్న కుదుపు వచ్చినా తట్టుకోలేదు. 100 నుంచి 240 వోల్టుల దాకా దానంతటదే సర్దుకునే కొత్త ఎస్ఎంపీఎస్ పెట్టాం, అదే కార్డు ఇప్పటికీ నడుస్తోంది. లేబుల్ మీద "ఇన్‌పుట్" అని ఉన్నచోట ఈ అంకెలు చూసుకోండి. సాకెట్‌లో మీటర్ పెట్టడం అలవాటు లేకపోతే మీరు ప్రయత్నించకండి, ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

అన్నట్టు ప్లగ్ కూడా ముట్టుకుని చూడండి. గంట గేమ్ ఆడాక ప్లగ్ వేడిగా ఉన్నా, సాకెట్ చుట్టూ గోధుమ రంగు మరక ఉన్నా లోపల లూజ్ కనెక్షన్ ఉన్నట్టే, సాకెట్ మార్పించండి.

యూపీఎస్ మీద పెట్టాక గేమ్‌లో కరెంటు పోతే సిస్టమ్ కూడా ఆగిపోతోంది. యూపీఎస్ ఎందుకు మరి?

మార్కెట్లో ఎక్కువగా దొరికే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు ఇవ్వగలిగేది 360 వాట్లే, వీఏ వేరు, వాట్లు వేరు. గేమ్ ఆడేటప్పుడు మీ సిస్టమ్, మానిటర్ కలిపి అంతకంటే ఎక్కువ లాగుతుంటే కరెంటు పోయిన క్షణం అది చేతులెత్తేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుతుంటే అది సైన్ వేవా, స్క్వేర్ వేవా చూసుకోండి. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సప్లై తరంగానికి తగ్గట్టు లాగే సర్క్యూట్) ఉన్న ఎస్ఎంపీఎస్‌లు కొన్ని స్క్వేర్ వేవ్ మీద పేచీ పెడతాయి. చాలా ఇన్వర్టర్ల వెనక యూపీఎస్ మోడ్‌కు ఒక స్విచ్ ఉంటుంది, అది వేస్తే కరెంటు మారే సమయం తగ్గుతుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే చిన్నగా షాక్ కొడుతోంది. కార్డు వల్లేనా?

కార్డు వల్ల కాదు, మీ ప్లగ్ పాయింట్‌లో ఎర్తింగ్ లేదు. ప్రతి ఎస్ఎంపీఎస్‌లోనూ ఫిల్టర్ కెపాసిటర్లు కొంచెం కరెంటును బాడీకి వదులుతాయి, అది ఎర్త్ వైరు గుండా వెళ్లిపోవాలి. ఆ దారి లేకపోతే క్యాబినెట్ మీద సప్లైలో దాదాపు సగం వోల్టేజ్ తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమంటుంది అంతే. కానీ లోపల నిజంగా ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున ప్రాణాల మీదకు వస్తుంది. చెప్పులేసుకుని వాడటం పరిష్కారం కాదు. మూడు పిన్నుల ప్లగ్‌లో పై పిన్ను విరిచేసి రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టేవాళ్లున్నారు, ఇంట్లో పిల్లలున్నవాళ్లు ఇది మాత్రం అస్సలు చేయొద్దు. ఎర్తింగ్ చేయించండి.

కొత్త కార్డు పెట్టాను, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు.

మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా కార్డుకే పెట్టారా చూడండి. తర్వాత పవర్ కేబుల్. కొన్ని కార్డులకు సాకెట్ పక్కన చిన్న ఎర్ర లైటు ఉంటుంది, పవర్ అందకపోతే వెలుగుతుంది. ఆ తర్వాత కార్డు తీసి స్లాట్‌లో మళ్లీ పెట్టండి, వెనక స్క్రూ బిగించేటప్పుడు అటు చివర పైకి లేస్తుంటుంది.

వేరే ఎస్ఎంపీఎస్ చేతిలో లేదు. ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలి?

ఆఫ్టర్‌బర్నర్ (కార్డు సెట్టింగులు మార్చే సాఫ్ట్‌వేర్) వేసుకుని పవర్ లిమిట్ 70 శాతానికి దించండి. అదే గేమ్, అదే సెట్టింగులతో రెండు మూడు రోజులు ఆడండి. ఆగిపోవడం మానేస్తే సమస్య పవర్ వైపే ఉండటానికి అవకాశం ఎక్కువ. ఫ్రేమ్‌లు మీరు భయపడినంతగా తగ్గవు, కొత్త ఎస్ఎంపీఎస్ కొనే దాకా ఇలాగే నడుపుకోవచ్చు కూడా. తర్వాత సెన్సర్ రీడింగులు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో కార్డు విభాగంలో 12 వోల్టుల ఇన్‌పుట్ రీడింగ్ ఉంటే, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, గేమ్‌లో ఎంత అని రాసుకోండి. 12.1 నుంచి 11.8కి దిగితే కంగారు లేదు. నియమం ప్రకారం 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి, 11.4 కిందికి పోతుంటే కేబుల్‌నో ఎస్ఎంపీఎస్‌నో నమ్మలేం. మదర్‌బోర్డు చూపించే 12 వోల్టుల అంకెను మాత్రం పెద్దగా పట్టించుకోకండి, అది తప్పు చూపించడం మామూలే.

కార్డు మీద పూర్తి లోడ్ పెట్టే ఫర్‌మార్క్ లాంటి టెస్టులు నడపాలనుకుంటే పక్కనే కూర్చుని పది నిమిషాలు నడపండి, కాలిన వాసన వస్తే వెంటనే గోడ స్విచ్ ఆపేయండి. ఇక ఎస్ఎంపీఎస్ పెద్ద కనెక్టర్‌లోని ఆకుపచ్చ వైరునూ నల్ల వైరునూ పిన్నీసుతో కలిపే టెస్ట్ చెప్పేది ఎస్ఎంపీఎస్ ఆన్ అవుతుందా లేదా అన్నది మాత్రమే. లోడ్ లేకుండా ఫ్యాన్ తిరిగినంత మాత్రాన అది కార్డును మోస్తుందని కాదు.

ఎస్ఎంపీఎస్ విప్పి కెపాసిటర్లు మార్పిస్తే సరిపోదా?

మీరు విప్పొద్దు. ప్లగ్ తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. మెకానిక్ మార్చినా, గ్రాఫిక్స్ కార్డున్న సిస్టమ్‌కు రిపేరు చేసిన పాత ఎస్ఎంపీఎస్ నేను పెట్టను. దాని మీద వేలాడేది దానికి పదింతలు ఖరీదైన వస్తువులు.

వారంటీకి ఇవ్వాలనుకుంటున్నాను. షాపులో ఏమని చెప్పాలి?

"ఆఫ్ అవుతోంది" అని మాత్రమే చెబితే వాళ్లు డెస్క్‌టాప్ తెరిచి చూసి, బాగానే ఉందని తిరిగి ఇచ్చేస్తారు. ఏ గేమ్‌లో, ఎన్ని నిమిషాలకు, పగలా రాత్రా, ఫ్యాన్లు ఆగాయా తిరిగాయా, పవర్ లిమిట్ తగ్గిస్తే ఏమైంది, ఇవన్నీ కాగితం మీద రాసి ఇవ్వండి. ఆగిపోయేటప్పుడు ఫోన్‌తో వీడియో తీయగలిగితే ఇంకా మంచిది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా బిల్లు ఫోటో తీసి దాచుకోండి, థర్మల్ కాగితం మీది అక్షరాలు ఏడాదిలో చెరిగిపోతాయి. మాడ్యులర్ ఎస్ఎంపీఎస్ అయితే దాని కేబుళ్లన్నీ దానితో పాటే అదే పెట్టెలో వేసి పంపండి, మార్చి ఇచ్చినప్పుడు వేరే మోడల్ రావొచ్చు, ఇంట్లో మిగిలిన పాత కేబుల్ ఒక్కటి పొరపాటున దానికి గుచ్చినా మళ్లీ మొదటికొస్తుంది.